మెష్ రైడింగ్ జాకెట్ కొంటున్నారా? ఎండకు, వానకు ఏది పనికొస్తుందో ముందే చూసుకోండి..

మే నెల మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే చాలు.. చొక్కా ఒంటికి అతుక్కుపోతుంది. జూన్ వచ్చిందంటే అదే రోడ్డుపై ఉన్నట్టుండి కుండపోత. ఇలాంటి వాతావరణంలో రైడింగ్ జాకెట్ అనగానే చాలామంది ‘అమ్మో, ఆ ఉక్క మన వల్ల కాదు’ అనేస్తారు. కొన్నవాళ్లు కూడా నాలుగు రోజులు వేసుకుని తలుపు వెనక మేకుకు తగిలించేస్తారు. మేకుకు వేలాడే జాకెట్ ఎవరినీ కాపాడదు. అందుకే జాకెట్ ఎంత గట్టిదో చూసే ముందు, దాన్ని ఎండాకాలంలోనూ రోజూ వేసుకోగలరా అన్నది చూసుకోవాలి. ఈ లెక్కన తెలుగు రాష్ట్రాల్లో బైక్ నడిపేవాళ్లకు మెష్ జాకెట్ మంచి ఎంపిక. అయితే ‘మెష్’ అని రాసి ఉన్న ప్రతి జాకెట్ ఒకటే కాదు. తేడా ఎక్కడుందో తెలుసుకుందాం..

2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలు చెబుతున్నాయి. వీరిలో సుమారు 44.5 శాతం మంది టూవీలర్లపై ఉన్నవాళ్లే. తలకు హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. జాకెట్ విషయంలో అలాంటి రూలేమీ లేదు. ఎంచుకునే బాధ్యత కొనేవాళ్లదే.

మెష్ జాకెట్ అంటే ఏంటి?

మామూలు టెక్స్‌టైల్ జాకెట్‌లో గుడ్డ దట్టంగా ఉంటుంది. మెష్ జాకెట్‌లో ఛాతీ, వీపు, చేతుల దగ్గర చిన్న చిన్న రంధ్రాలున్న జాలీ గుడ్డ వాడతారు. బండి కదలగానే గాలి ముందు నుంచి లోపలికొచ్చి, వీపు వైపు నుంచి బయటికి పోతుంది. ఆ దారిలో చెమటను ఆర్పుతుంది. ఒంటికి చల్లగా తగిలేది అందుకే.

ఎక్కువగా ఈ జాలీని పాలిస్టర్ లేదా నైలాన్‌తో చేస్తారు. లేబుల్‌పై 600డీ, 1000డీ అని కనిపించేది డెనియర్ లెక్క. 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగితే అన్ని డెనియర్లు. అంకె పెద్దదైతే దారం మందంగా ఉందని అర్థం. అంతమాత్రాన గుడ్డ కూడా గట్టిదని అనుకోవద్దు. నేత ఎలా ఉంది, కుట్టు ఎలా ఉంది అన్నది కూడా అంతే ముఖ్యం.

ఎండ వేరు, ఉక్కపోత వేరు

మెష్ పనితీరు అన్ని ఊళ్లలో ఒకేలా ఉండదు. రామగుండం, రెంటచింతల వైపు ఎండ పొడిగా మండుతుంది. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్ర తీరంలో ఎండ డిగ్రీలు తక్కువే కనిపించినా గాలిలో తేమ ఎక్కువ. చెమట త్వరగా ఆరదు. అక్కడ బండి కదులుతున్నంతసేపే మెష్‌తో సుఖం. ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే ఏ జాకెట్ అయినా ఉక్కగానే ఉంటుంది. కాబట్టి తీర ప్రాంతాల వాళ్లు, సిటీ ట్రాఫిక్‌లో ఎక్కువసేపు ఆగేవాళ్లు జాలీ భాగం వీలైనంత పెద్దగా ఉన్నది చూసుకోవడం మంచిది.

పొడి ఎండలో ఇంకో మెలిక ఉంది. మనిషి చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. గాలి అంతకంటే చల్లగా ఉన్నంతవరకూ ఎంత గాలి తగిలితే అంత మేలు. 42, 43 డిగ్రీల వడగాలిలో మాత్రం లెక్క మారుతుంది. ఆ గాలి ఒంటికి వేడిని మోసుకొస్తుంది, చెమటను క్షణాల్లో పీల్చేస్తుంది. చెమట పట్టలేదే అనిపిస్తుంది కానీ ఒంట్లో నీరు తగ్గిపోతూనే ఉంటుంది. అలాంటప్పుడు లోపల వేసుకున్న కాటన్ టీషర్టును నీళ్లతో తడిపి, పైన మెష్ జాకెట్ వేసుకుంటే కాసేపు కూలర్‌లా పనిచేస్తుంది. టీషర్టు ఆరిపోగానే మళ్లీ తడుపుకోవాలి. దాహం వేసేదాకా ఆగకుండా దారిలో నీళ్లు తాగుతూ ఉండాలి. కళ్లు తిరిగినా, తలనొప్పి మొదలైనా బండి పక్కకు ఆపి నీడకు చేరడమే సరైన పని.

మరో విషయం. బండి కూడా గాలిని ఆపుతుంది. పొడవైన విండ్‌స్క్రీన్ ఉన్న టూరింగ్ బైక్‌పై ఛాతీకి గాలి తక్కువ తగులుతుంది. ఇలాంటి బండ్లపై చేతులు, భుజాల పక్కన కూడా జాలీ ఉన్న జాకెట్ నయం. ఇక వీపుకు ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుంటే గాలి బయటికి పోయే దారే మూసుకుపోతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లేవాళ్లు బ్యాగును బండి వెనక క్యారియర్‌కు కట్టుకుంటే సగం ఉక్క తగ్గుతుంది.

జాలీ ఎక్కడుంది? గట్టి గుడ్డ ఎక్కడుంది?

బండి మీద నుంచి పడితే మొదట రోడ్డుకు తగిలేవి భుజాలు, మోచేతులు. ఆ తర్వాత ఒరుసుకునేది ముంజేతుల బయటి వైపు. రంధ్రాలున్న గుడ్డ తారుపై రాసుకుంటే దట్టమైన గుడ్డ కంటే త్వరగా చిరుగుతుంది. కాబట్టి మంచి మెష్ జాకెట్‌లో ఈ చోట్ల జాలీ ఉండకూడదు. గట్టి నైలాన్ లాంటి దట్టమైన గుడ్డో, తోలు అతుకో ఉండాలి. ఛాతీ, పొట్ట, చేతుల లోపలి వైపు జాలీ ఉన్నా ఇబ్బంది తక్కువ.

షాపులో ఓ చిన్న పరీక్ష చేయొచ్చు. జాకెట్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకోండి. భుజం, మోచేయి దగ్గర వెలుతురు కనిపిస్తే అక్కడ కూడా జాలీయే వాడారని అర్థం. అలాంటిదాన్ని పక్కన పెట్టేయడమే మేలు.

కుట్లు కూడా తిప్పి చూడండి. గుడ్డ బాగానే ఉన్నా కుట్టు విడిపోతే జాకెట్ తెరుచుకుపోతుంది. భుజం, చేతుల అతుకుల దగ్గర కనీసం రెండు వరుసల కుట్టు ఉండాలి. జాలీ, గట్టి గుడ్డ కలిసే చోట వేళ్లతో రెండు వైపులా లాగి చూడండి. దారాలు విడిపోతున్నట్టు కనిపిస్తే కొనొద్దు.

‘సీఈ అప్రూవ్డ్’ అంటే సరిపోతుందా?

చాలామంది మోసపోయేది ఇక్కడే. సీఈ అన్నది యూరప్ గుర్తు. ఇది రెండు రకాలుగా కనిపిస్తుంది. ఒకటి లోపల పెట్టే ప్యాడ్లకు, రెండోది జాకెట్ మొత్తానికి. ‘సీఈ అప్రూవ్డ్ జాకెట్’ అని అమ్మేవాటిలో కొన్నింటికి ఆ గుర్తు ప్యాడ్లకు మాత్రమే ఉంటుంది. గుడ్డకు, కుట్టుకు ఏ పరీక్షా జరిగి ఉండకపోవచ్చు.

జాకెట్ మొత్తాన్ని పరీక్షించే ప్రమాణం పేరు ఈఎన్ 17092. ఇందులో ఐదు క్లాసులున్నాయి.

• ఏఏఏ: అన్నింటికంటే గట్టి రక్షణ. మెష్ జాకెట్లలో ఈ స్థాయి అరుదు.

• ఏఏ: మధ్యస్థం. హైవేపై తరచూ వెళ్లేవాళ్లు దీన్ని చూసుకోవడం మంచిది.

• ఏ: తేలికపాటి రక్షణ. సిటీలో తిరిగేందుకు వాడే మెష్ జాకెట్లు ఎక్కువగా ఇందులోనే ఉంటాయి.

• బీ: గుడ్డ ఏ క్లాసుతో సమానం, కానీ ప్యాడ్లు ఉండవు.

• సీ: ప్యాడ్లను ఒంటికి పట్టి ఉంచే లోపలి తొడుగు మాత్రమే. రోడ్డు రాపిడికి ఇది ఆగదు. దీన్ని వేరే జాకెట్ లోపల వేసుకోవాలి.

ఈ పరీక్షలో గుడ్డ ముక్కలను గిరగిరా తిప్పే యంత్రానికి బిగించి, కాంక్రీట్ పలకపై పడేస్తారు. భుజం, మోచేయి లాంటి ముఖ్యమైన భాగాల గుడ్డ ఏఏఏలో గంటకు సుమారు 120 కి.మీ., ఏఏలో 70 కి.మీ., ఏలో 45 కి.మీ. వేగానికి సమానమైన తిప్పుడు తట్టుకోవాలి. అంతమాత్రాన ఏఏ జాకెట్ వేసుకుని 70లో పడితే ఏమీ కాదని కాదు. ఇది గుడ్డల మధ్య తేడా తేల్చే ల్యాబ్ లెక్క. రోడ్డుపై గోడ, డివైడర్, ఎదురొచ్చే లారీ కూడా ఉంటాయి.

జాకెట్ లోపలి లేబుల్‌పై బైకర్ బొమ్మ, దాని పక్కన ఈఎన్ 17092 అంకె, క్లాస్ అక్షరం ఉన్నాయో లేవో చూడండి. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఆ లేబుల్ ఫొటో అడగండి.

ప్యాడ్లు: లెవెల్ 1, లెవెల్ 2 తేడా ఏంటి?

గుడ్డ ఒరుసుకోకుండా కాపాడితే, ప్యాడ్లు దెబ్బ తీవ్రతను తగ్గిస్తాయి. భుజం, మోచేయి ప్యాడ్ల ప్రమాణం ఈఎన్ 1621-1. పరీక్షలో బరువును ప్యాడ్‌పై పడేసి, కింద ఎంత దెబ్బ తగిలిందో కొలుస్తారు. సగటున 35 కిలోన్యూటన్లలోపు ఉంటే లెవెల్ 1, 20లోపు ఉంటే లెవెల్ 2. వీపు ప్యాడ్ల ప్రమాణం ఈఎన్ 1621-2. ఇందులో లెవెల్ 1కు 18, లెవెల్ 2కు 9 కిలోన్యూటన్లు పరిమితి. అంకె తగ్గేకొద్దీ ఒంటికి తగిలే దెబ్బ తగ్గుతుంది.

మన వాతావరణానికి పనికొచ్చే ఇంకో గుర్తు కూడా ఉంది. మెత్తగా ఉండి దెబ్బ తగలగానే గట్టిపడే ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. అందుకే కొన్నింటిని 40 డిగ్రీల వేడిలో కూడా పరీక్షిస్తారు. నెగ్గిన వాటిపై టీ ప్లస్ అని ఉంటుంది. మే నెలలో పార్కింగ్‌లో ఎండకు మాడే జాకెట్‌కు ఈ గుర్తు ఉంటే మంచిది.

వీపు ప్యాడ్‌ను తప్పకుండా బయటికి తీసి చూడండి. చాలా జాకెట్లలో వీపు దగ్గర మామూలు స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు. దానిపై ఏ ప్రమాణమూ ఉండదు. అలా ఉంటే దాని స్థానంలో పట్టే లెవెల్ 2 ప్యాడ్‌ను విడిగా కొని పెట్టుకోవచ్చు. రంధ్రాలున్న ప్యాడ్ అయితే గాలి కూడా ఆడుతుంది.

ఫిట్టింగ్ సరిగ్గా లేకుంటే ప్యాడ్లు ఉన్నా లేనట్టే

మెష్ జాకెట్ వదులుగా ఉంటే చల్లగా ఉంటుందనుకుంటారు. అది పొరపాటు. వదులు జాకెట్ గాలికి బుడగలా ఉబ్బుతుంది. పడ్డప్పుడు మోచేయి ప్యాడ్ పక్కకు జరిగిపోతుంది. అప్పుడు దెబ్బ ఎముకకే తగులుతుంది.

వేసుకుని చూసేటప్పుడు అద్దం ముందు నిలబడితే సరిపోదు. వీలైతే మీ బండిపై కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. మణికట్టు బయటపడకూడదు. వీపు కింద నడుము కనిపించకూడదు. ఇప్పుడు రెండో చేత్తో మోచేయి ప్యాడ్‌ను పట్టుకుని చుట్టూ తిప్పి చూడండి. అది సులువుగా జరిగిపోతే సైజు పెద్దదైనట్టు. చేతుల దగ్గర, నడుము దగ్గర బిగించుకునే పట్టీలు ఉన్నవి తీసుకోండి.

లోపలి వాన లైనర్ వేసుకుని సైజు చూస్తే ఎండాకాలంలో అది తీసేశాక వదులైపోతుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎలా వాడతారో అలాగే వేసుకుని చూడాలి. ఆడవాళ్లకు విడిగా కుట్టిన జాకెట్లు ఇప్పుడు దొరుకుతున్నాయి. మగవాళ్ల చిన్న సైజుతో సరిపెట్టుకుంటే భుజాల దగ్గర వదులుగా, నడుము దగ్గర బిగుతుగా ఉండి ప్యాడ్లు సరైన చోట నిలబడవు. వెనక కూర్చునేవాళ్లు పడేదీ అదే రోడ్డుపై అన్న సంగతి మర్చిపోవద్దు.

వాన పడితే? లోపలి లైనరా, పైన రెయిన్ కోటా?

ముందుగా ఒక మాట. మెష్ జాకెట్ వాన ఆపదు. గాలి వెళ్లే రంధ్రం నుంచి నీరూ వెళ్తుంది. ‘వాటర్‌ప్రూఫ్ మెష్’ అని అమ్మేవాటిలో నీళ్లు ఆపేది లోపల జిప్‌తో తగిలించే పొర మాత్రమే.

ఆ లోపలి లైనర్‌తో ఇబ్బందులు ఇవీ. వాన మొదలవగానే ఎక్కడో ఆగి, జాకెట్ విప్పి, లైనర్ తగిలించి, మళ్లీ వేసుకోవాలి. హైదరాబాద్‌లో వాన మొదలైతే ఫ్లైఓవర్ కింద చోటు దొరికేలోపే తడిసి ముద్దవుతారు. పైగా లైనర్ వేసుకున్నా బయటి జాకెట్ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది. జాకెట్ జేబులు లైనర్‌కు బయట ఉంటాయి. అందులో పెట్టిన ఫోన్, పర్సు తడిసిపోతాయి. ముందు జాగ్రత్తగా లైనర్‌ను పొద్దున్నే తగిలించుకుంటే గాలి ఆగిపోయి, మెష్ కొన్న ప్రయోజనమే పోతుంది.

పైన వేసుకునే రెయిన్ జాకెట్, ప్యాంటు అయితే ఏదీ విప్పక్కర్లేదు. నిమిషంలో తొడుక్కోవచ్చు. లోపల జాకెట్, జేబులు, ప్యాడ్లు అన్నీ పొడిగా ఉంటాయి. వాన తగ్గాక తీసి మడిచి సీటు కిందో, బ్యాగులోనో పెట్టుకోవచ్చు. లంబసింగి, అరకు ఘాట్ రోడ్లపై తెల్లవారుజామున వెళ్లేటప్పుడు ఇదే చలిగాలిని కూడా ఆపుతుంది. తెలుగు రాష్ట్రాల వానలకు చాలామందికి అనుకూలమైన జత ఇదే: లైనర్ లేని మంచి మెష్ జాకెట్, పైన విడిగా రెయిన్ సూట్.

రెయిన్ సూట్ కొనేటప్పుడు లోపల కుట్లపై టేపు అతికించి ఉందో లేదో చూడండి. గుడ్డ ఎంత మంచిదైనా సూది రంధ్రాల్లోంచి నీరు కారుతుంది. ముదురు రంగు జాకెట్‌పై పసుపో, నారింజో రెయిన్ కోటు, దానిపై మెరిసే పట్టీలు ఉంటే వానలో వెనక వచ్చే లారీ డ్రైవర్‌కు కనిపిస్తారు. పాంచో లాంటి వదులు కోట్లు మాత్రం బండిపై వద్దు. గాలికి ఎగిరి చక్రంలోనో, చైన్‌లోనో చిక్కుకునే ప్రమాదం ఉంది.

అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురిసే నెల్లూరు, తిరుపతి వైపు రోజంతా ముసురు పట్టే రోజులు ఉంటాయి. అక్కడ రెయిన్ సూట్‌పై కాస్త ఎక్కువ ఖర్చు పెట్టినా దండగ కాదు. తడిసిన టీషర్టుతో గంటల తరబడి 60, 70 వేగంతో వెళ్తే గాలికి ఒళ్లు చల్లబడి వేళ్లు బిగుసుకుపోతాయి. బ్రేక్ నొక్కడం ఆలస్యమవుతుంది. వానలో పొడిగా ఉండటం కూడా భద్రతే.

ఎంత పెట్టాలి?

మెష్ జాకెట్ల ధరలు నాలుగైదు వేల రూపాయల దగ్గర మొదలై పదిహేను వేలు దాటి కూడా ఉన్నాయి. రైనాక్స్, వయాటెర్రా, రాయల్ ఎన్‌ఫీల్డ్ లాంటి దేశీ బ్రాండ్లలో వేర్వేరు స్థాయిల జాకెట్లు దొరుకుతున్నాయి. బ్రాండ్ పేరు కంటే మీరు చూస్తున్న మోడల్ లోపలి లేబుల్ చూడటం ముఖ్యం.

డబ్బులు తక్కువగా ఉంటే ఇలా వరుస పెట్టుకోవచ్చు. మొదట ఐఎస్ఐ మార్క్ ఉన్న మంచి హెల్మెట్. తర్వాత గ్లౌజులు, ఎందుకంటే పడేటప్పుడు ఎవరైనా ముందు చేతులే ఆనిస్తారు. ఆ తర్వాత జాకెట్. జాకెట్‌లో స్టైల్, అదనపు జేబులు, లైనర్లు వదులుకోవచ్చు. భుజం, మోచేయి దగ్గర గట్టి గుడ్డ, ప్రమాణం ఉన్న ప్యాడ్లు మాత్రం వదులుకోకూడదు.

ఉతకడం ఎలా?

చెమట ఉప్పు పేరుకుంటే జాలీ గుడ్డ గరుకుగా మారి, వాసన వస్తుంది. ఎండాకాలంలో రెండు, మూడు వారాలకోసారి ఉతకడం మంచిది. ముందు ప్యాడ్లన్నీ తీసేయండి. అవి ఏ వైపు ఎలా ఉన్నాయో ఫోన్‌లో ఓ ఫొటో తీసుకుంటే మళ్లీ పెట్టడం తేలిక. చల్లటి నీళ్లు, గాఢత తక్కువున్న లిక్విడ్ సబ్బుతో చేత్తో ఉతకాలి. గట్టిగా పిండకుండా నీడలో ఆరేయాలి. వానాకాలంలో పూర్తిగా ఆరకముందే బీరువాలో పెడితే బూజు పడుతుంది. రెయిన్ కోటుకు ఫ్యాబ్రిక్ కండిషనర్ వాడొద్దు. నీళ్లు జారిపోయే గుణం తగ్గిపోతుంది.

ఒకసారి గట్టిగా పడితే జాకెట్ పైకి బాగానే కనిపించినా కుట్లు, ప్యాడ్లు తీసి పరిశీలించాలి. పగిలిన, నొక్కుకుపోయిన ప్యాడ్‌ను మార్చేయాల్సిందే.

షాపులో ఐదు నిమిషాల చెక్‌లిస్ట్

1. వెలుతురుకు పట్టి చూడండి: భుజం, మోచేయి దగ్గర జాలీ ఉండకూడదు.

2. లోపలి లేబుల్: ఈఎన్ 17092, దాని పక్కన ఏ, ఏఏ, ఏఏఏలలో ఒకటి.

3. ప్యాడ్లు బయటికి తీయండి: ఈఎన్ 1621, లెవెల్ 1 లేదా 2. వీపు దగ్గర ఉత్త స్పాంజి ఉంటే ఆ ఖర్చు కూడా లెక్క వేసుకోండి.

4. బండిపై కూర్చోండి: మణికట్టు, నడుము బయటపడకూడదు. మోచేయి ప్యాడ్ జరగకూడదు.

5. వానకు ఏం చేస్తారో అప్పుడే తేల్చుకోండి: పైన వేసుకునే రెయిన్ సూట్ డబ్బు బడ్జెట్‌లో ముందే పక్కన పెట్టండి.

ఈ ఐదూ సరిపోయాక రెండు జాకెట్ల మధ్య ఎటూ తేల్చుకోలేకపోతే, వేసుకున్నప్పుడు తేలికగా, హాయిగా అనిపించినదే తీసుకోండి. కిరాణా కొట్టు దాకా వెళ్లేటప్పుడు కూడా చెయ్యి దానివైపే పోతుంది.